షోలవరం: చెవులతో చూసిన మొదటి రేస్

నెల్లూరు వైపు నుంచి మద్రాసు వెళ్తుంటే, రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే షోలవరం వస్తుంది. ఇప్పటివాళ్ళకి అది మద్రాసుకి మంచినీళ్ళిచ్చే చెరువుల్లో ఒకదాని పేరు. మా వయసువాళ్ళకి, అందులోనూ బండి పిచ్చి ఉన్నవాళ్ళకి, షోలవరం అంటే రేసులే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే ఒకటి, యుద్ధం అయిపోయాక అక్కడ పనీపాటా లేకుండా పడి ఉండేది. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వే మీద రేసులు పెట్టేది. రేసుల కోసమే కట్టిన ట్రాక్ మన దేశంలో లేని రోజులవి. ఫిబ్రవరి వచ్చిందంటే బొంబాయి, పూనా, బెంగుళూరు, కోయంబత్తూరు, కొచ్చిన్ నుంచి బళ్ళన్నీ అక్కడికే చేరేవి. విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి నడిపింది ఆ రన్‌వే మీదే. కోయంబత్తూరు కార్ రేసర్ కరివర్ధన్ పేరు మార్మోగింది కూడా అక్కడే. కార్ల కబుర్లు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా జ్ఞాపకాలన్నీ మోటార్ సైకిళ్ళవి.

నేను మొదటిసారి వెళ్ళింది 1987లో. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. తీసుకెళ్ళింది మా మేనమామ. సూళ్లూరుపేటలో ఆయనకి రేకుల షెడ్డులో మెకానిక్ పని. బులెట్లు, యెజ్డీలు, రాజ్‌దూత్‌లు ఎక్కువగా వచ్చేవి. శ్రీహరికోటలో ఉద్యోగం చేసేవాళ్ళ స్కూటర్లు కూడా ఆయన దగ్గరికే. మామది ఒక అలవాటు. బండి షెడ్డు ముందు ఆగగానే స్టాండు వేయనిచ్చేవాడు కాదు. "ఇంజను ఆపమాక, అట్టానే ఉంచు" అని, చేతిలో పని పక్కన పెట్టి, తల కాస్త పక్కకి వంచి వినేవాడు. విన్నాకే పానా పట్టుకునేవాడు. నాకు అది మామూలు విషయంగానే ఉండేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే కదా. ఆ చెవి ఎంత గొప్పదో షోలవరంలో తెలిసొచ్చింది. ఇది రాయడానికి అసలు కారణం కూడా అదే.

స్పేర్ పార్టుల కోసం మామ నెలకోసారి మద్రాసు పుదుపేటకీ, మౌంట్ రోడ్ దగ్గర జీపీ రోడ్‌కీ వెళ్ళొచ్చేవాడు. అక్కడ పరిచయమైన ఒక మెకానిక్ రేస్ బళ్ళు తయారు చేస్తాడని, తెలుగాయనే అని, ఈసారి రమ్మని పిలిచాడని చెప్పాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. "పరీక్షలు నెత్తిన పెట్టుకుని రేసులేందిరా?" అని తమ్ముడి మీదకి లేచింది. "ఒక్క ఆదివారమేగా అక్కా, వాడి చదువేం కొట్టుకుపోదులే. నేనుండానుగా" అన్నాడు మామ. అమ్మకి తమ్ముడంటే ప్రాణం. ఆ మాటతో మెత్తబడింది.

తెల్లవారుజామున చీకట్లోనే బయల్దేరాం, మామ యెజ్డీ మీద. యెజ్డీ నడిపినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా. కిక్కు కొట్టి, దాన్నే ముందుకి తిప్పి గేరు వేయాలి. రెండు సైలెన్సర్ల నుంచి వచ్చే ఆ దుడుదుడు శబ్దం, రెండు పక్కలా చింతచెట్లు, ఫిబ్రవరి మంచు. తడ చెక్‌పోస్ట్ దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. గుమ్మిడిపూండిలో ఇడ్లీ తిని కాఫీ తాగాం. కవరపేట దాటాక చూస్తే రోడ్డంతా బళ్ళే. ఆర్‌ఎక్స్ 100లు అప్పటికి కొత్తగా వచ్చాయి, మా ఊళ్ళో ఒకటో రెండో ఉండేవి. ఇక్కడ జట్లు జట్లుగా పోతున్నాయి. ఇండ్-సుజుకీలు, బులెట్లు, మధ్యలో ఒక రాజ్‌దూత్ 350. అందరూ మేం పోయే వైపే. ఎవరూ ఎవరికీ తెలియదు, అయినా పక్కనుంచి దాటేటప్పుడు ఒక చెయ్యి పైకి లేపి పోతున్నారు. మామ కూడా లేపాడు. మా ఊళ్ళో ఎంత పెద్దమనిషి ఎదురైనా ఆయన అంత హుషారుగా చెయ్యెత్తగా నేను చూడలేదు.

లోపలికి వెళ్ళేసరికి బాగా పొద్దెక్కింది. చదునైన నేల, చెట్టూ చేమా లేదు, దుమ్ము, గాలి. సరుగుడు కర్రలు తాళ్ళతో కట్టి గ్యాలరీలు వేశారు. వేలమంది జనం. మైకులో ఇంగ్లీషూ, తమిళమూ. పక్కనున్న గుంపులో తెలుగు వినపడితే తిరిగి చూశాను, ప్యారిస్ కార్నర్‌లో వ్యాపారం చేసుకునే కుటుంబమట, ముసలాయన నుంచి మనవడి దాకా అందరూ వచ్చారు. నేను స్ట్రెయిట్ ఎదురుగా ఉన్న గ్యాలరీ ఎక్కుదామన్నాను. అక్కడైతే బళ్ళు ఫుల్ స్పీడులో కనపడతాయని నా ఆశ. మామ చెయ్యి పట్టుకుని లాగాడు. "స్ట్రెయిట్‌లో ఏముందిరా అల్లుడూ, యాక్సిలరేటర్ తిప్పితే ఏ బండైనా పోతాది. మలుపు కాడ నిలబడాల. ఎవడు మొనగాడో అక్కడ తేలుతాది." ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరైనా మొదటిసారి రేస్‌కి వెళ్తున్నామంటే నేను చెప్పేది ఇదే మాట.

మలుపు దగ్గర తాడు కట్టి ఉంది. తాడుకి అవతల కొంచెం ఖాళీ నేల, గడ్డిమోపులు, ఆ తర్వాత ట్రాకే.

ముందు మోపెడ్ల రేస్. ఇంట్లో అత్త కూరగాయలు తెచ్చుకునే టీవీఎస్ 50 లాంటి బండి మీద ఏం రేస్ పెడతారని అనుకున్నాను. జెండా ఊపారు, మా దాకా వచ్చాయి. మనుషులు కనపడలేదు. హ్యాండిల్ మీద గడ్డం ఆనించి, బండి మీద బోర్లా పడుకున్నట్టు ఉన్నారు అందరూ. ఒకరి వెనక చక్రానికి ఇంకొకరి ముందు చక్రం అంగుళాల దూరంలో. ముందువాడు గాలిని చీల్చుకుపోతుంటే వెనకవాడికి గాలి తగలదు, ఆ వెసులుబాటుతో శక్తి దాచుకుని చివర్లో పక్కకి జరిగి దాటేస్తాడని మామ చెప్పాడు. యాభై సీసీ ఇంజనులో దాచుకోవడానికి ఉండేదే కాస్త. ఆ కాస్త కోసం ఎంత లెక్క! రెండు మూడు రౌండ్లు తిరిగేసరికి నేను తాడు పట్టుకుని ముందుకి వంగిపోయి ఉన్నాను.

రేస్‌కి వెళ్ళినవాడికి రేస్ మొత్తం కనపడదు. ఇది టీవీలో చూసేవాళ్ళకి తెలియని సంగతి. మనం నిలబడ్డ ఆ ఒక్క మలుపే మనది. బళ్ళు వస్తాయి, కళ్ళ ముందు నాలుగైదు సెకండ్లు ఉంటాయి, పోతాయి. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. రన్‌వే అవతలి చివర నుంచి శబ్దం మాత్రం వస్తుంటుంది. పలచబడుతుంది, ఆగినట్టు అవుతుంది, మళ్ళీ చిక్కబడుతుంది. ఆ చూడని భాగమంతా మనమే ఊహించుకోవాలి. అందరూ ఒకేసారి మెడలు అటు తిప్పి ఎదురుచూస్తారు. వచ్చినప్పుడు ముందున్నవాడు మారిపోయి ఉంటే, ఆ మారడం మనం చూడకపోయినా, గుండె ఝల్లుమంటుంది.

మామకి మాత్రం అదంతా కనపడుతున్నట్టే ఉంది. మోపెడ్ల తర్వాత పెద్ద బళ్ళ రేస్‌లో కళ్ళు సగం మూసుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు గేరు దించినాడు... వీడు తొందరపడినాడు, ఇంకొంచెం ఆగుండాల... అది యెజ్డీ, నాలుగో నంబరులో ఉండాది" అని తనలో తను అనుకుంటున్నట్టు చెబుతున్నాడు. కాసేపటికి బళ్ళు మా మలుపు దగ్గరికి వస్తే, యెజ్డీ నాలుగో స్థానంలోనే ఉంది. పక్కనున్న ప్యారిస్ కార్నర్ ముసలాయన నెమ్మదిగా మా దగ్గరికి జరిగి నిలబడ్డాడు. ఆయన మనవడు ట్రాక్ చూడటం మానేసి మామ మొహం చూడటం మొదలుపెట్టాడు.

వంద సీసీ రేస్‌కి ముందు పుదుపేట మెకానిక్ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. నల్లగా, బక్కగా ఉన్న మనిషి, గోళ్ళ నిండా గ్రీజు. "రా బావా, బండి చూద్దువుగానీ" అని మామని కంచె లోపలికి తీసుకెళ్ళాడు. నన్ను కంచె దగ్గరే నిలబెట్టారు. బండి నాకు రెండు బారల దూరంలో ఉంది, అన్నీ కనపడుతున్నాయి. ఆర్‌ఎక్స్ 100. లైటు లేదు, ఇండికేటర్లు లేవు, సీటు బదులు స్పాంజి ముక్క. ఆయిల్ బోల్టులన్నిటికీ సన్నటి తీగ మెలిపెట్టి కట్టి ఉంది. అదిరి వదులై ఊడితే ట్రాక్ మీద ఆయిల్ పడి వెనక వచ్చేవాళ్ళు జారిపోతారు, అందుకని. సైలెన్సర్ స్థానంలో మధ్యలో ఉబ్బి చివర సన్నబడిన పైపు. అది చప్పుడు కోసం పెట్టింది కాదు. టూ స్ట్రోక్ ఇంజనులో కాలని పెట్రోలు కొంత పొగతో పాటు బయటికి జారిపోతుంది. ఆ పైపు ఆకారం సరిగ్గా కుదిరితే, లోపల పుట్టే ఒత్తిడి వెనక్కి తిరిగొచ్చి దాన్ని మళ్ళీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. ఆ కుదిరే వేగం అందుకున్నప్పుడు బండి ఎగిరి దూకుతుంది, అంతకు తక్కువలో ఉంటే ఈసురోమంటుంది. అందుకే రేసర్ ఇంజన్ని ఎప్పుడూ పై స్థాయిలోనే అరిపిస్తూ ఉండాలి. ఇదంతా మామ తర్వాత దారిలో చెప్పాడు.

మామ ముందు ప్లగ్ తీయించాడు. దాన్ని గుడ్డతో పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశాడు. కాఫీ రంగులో ఉంటే పెట్రోలూ గాలీ సమంగా ఉన్నట్టు, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇది తెల్లగా పాలిపోయి ఉంది, అంటే పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. "జెట్ మార్చు బావా, ఈ ఎండకి నిలబడదు" అన్నాడు. జెట్ అంటే కార్బురేటర్‌లో పెట్రోలు ఎంత రావాలో కొలిచే చిన్న రంధ్రం ముక్క. పుదుపేట ఆయన తల అడ్డంగా ఊపాడు. పెట్రోలు కాస్త తగ్గిస్తేనే స్ట్రెయిట్‌లో లాగుతుందని, ఫ్యాక్టరీ టీముల బళ్ళతో సమానంగా పోవాలంటే వేరే దారి లేదని. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఒక వైపు కంపెనీ ఇంజనీర్లు, విడి భాగాలు, రెండో బండి. ఇంకో వైపు ఈయన, ఒక ఆకురాయి, నడిపే కుర్రాడు. ఆ కుర్రాడికి నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద వయసు ఉంటుందేమో. తోలు సూటు ఎవరిదో అడిగి తెచ్చుకున్నాడు, భుజాల దగ్గర వదులుగా ఉంది.

రేస్ మొదలైంది. ఆముదం కలిసిన రేసింగ్ ఆయిల్ కాలిన వాసన, తియ్యగా, ఘాటుగా, మొత్తం కమ్మేసింది. మన కుర్రాడు మొదట్లో వెనకపడ్డా ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తున్నాడు. ప్రతి రౌండుకీ మా మలుపు దగ్గర నేను అరుస్తున్నాను. మామ అరవడం లేదు. ఆయన మొహంలో టెన్షన్ పెరుగుతోంది. ఒక రౌండులో బళ్ళు అవతలి చివరలో ఉన్నప్పుడు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "శబ్దం మారిపోయినాది రా. పిస్టన్ పట్టేయబోతాది." వేడికి పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోవడమే పట్టేయడం. నాకు ఏ తేడా తెలియలేదు. బళ్ళన్నీ ఒకటే అరుపు. మలుపు దగ్గరికి ఒక్కొక్కటీ వస్తున్నాయి. కుర్రాడు వచ్చాడు. మా కళ్ళ ముందే, బ్రేక్ వేసే చోటుకి ఇంకా కొంచెం ముందే, అరుపు టక్కున ఆగింది. వెనక చక్రం బిగుసుకుపోయి ఒక్క క్షణం అడ్డంగా కదిలింది. వెంటనే మళ్ళీ తిరిగింది. బండి నిశ్శబ్దంగా, దొర్లుకుంటూ, గడ్డిమోపుల పక్కకి వచ్చి ఆగింది.

నేను అతని ఎడమ చెయ్యే చూశాను. రెండు వేళ్ళు క్లచ్ మీదే ఉన్నాయి. రేస్ మొదలైనప్పటి నుంచీ తీయలేదట. టూ స్ట్రోక్ బండి నడిపే రేసర్లందరూ అలాగే ఉంచుకుంటారని, పిస్టన్ పట్టేసిన ఆ క్షణంలో క్లచ్ నొక్కితేనే చక్రం వదులుతుందని, అరసెకను ఆలస్యమైతే మనిషి గాల్లో ఉంటాడని మామ చెప్పాడు. కుర్రాడు హెల్మెట్ తీశాడు. జుట్టంతా చెమటకి తడిసి నుదుటికి అంటుకుపోయింది. మా వైపు ఉన్న జనమంతా చప్పట్లు కొట్టారు. గెలిచినవాడికి కొట్టిన దానికంటే గట్టిగానే కొట్టారు.

అది అక్కడితో అయిపోలేదు. సాయంత్రం అదే బండికి ఇంకో రేస్ ఉంది. మామ కంచె దూకాడు, ఎవరూ ఆపలేదు. గోనెపట్టా పరిచి హెడ్డూ సిలిండరూ విప్పారు. ఇంజను ఇంకా చెయ్యి పెట్టనివ్వడం లేదు, తడిగుడ్డ వేసి పట్టుకున్నారు. పిస్టన్ బయటికి తీశాక మామ నాకు కనపడేలా ఎత్తి చూపించాడు. పొగ బయటికి పోయే వైపు నిలువునా గీతలు, సిలిండర్ గోడకి కరిగి అంటుకున్న అల్యూమినియం. ఎమెరీ పేపర్ తీసుకుని ఇద్దరూ మొదలుపెట్టారు, మామ సిలిండర్, ఆయన పిస్టన్. తొందర ఎంత ఉన్నా చెయ్యి తొందరపడటం లేదు. రెండు రుద్దులు రుద్దడం, ఆయిల్ పూయడం, వేలి కొసతో తడిమి చూడటం. కొత్త రింగులు పక్క టీమువాళ్ళు ఇచ్చారు. ఈ రేస్‌లో వీళ్ళతో పోటీ పడ్డవాళ్ళే వాళ్ళు. డబ్బు అడగలేదు. ఈసారి జెట్ మాత్రం మామ చెప్పిందే వేశారు. అత్త కట్టిచ్చిన పులిహోర పొట్లం నా చేతిలోనే ఉంది, తినాలని ఎవరికీ గుర్తు రాలేదు.

మధ్యలో 350 సీసీ రేస్ జరిగింది. కంచె దగ్గర నుంచి పరుగున మలుపు దగ్గరికి వెళ్ళి చూసొచ్చాను. యమహా డిజైన్‌తో ఎస్కార్ట్స్ తయారుచేసిన రాజ్‌దూత్ 350కి రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. రోడ్డు మీద అరవై దాటితేనే గొప్పగా చెప్పుకునే మాకు, రన్‌వే పొడవునా గేరు మీద గేరు వేస్తూ గంటకు 150 కిలోమీటర్ల దాకా పోయే బండి వేరే లోకం. దూరం నుంచి ఆ శబ్దం కొత్త గుడ్డని బర్రున చించుతున్నట్టు వచ్చింది. మలుపు రాగానే అప్పటిదాకా ట్యాంకు మీద పడుకున్నవాళ్ళు ఒక్కసారిగా లేచి ఛాతీ గాలికి ఎదురుపెట్టారు. బ్రేకుకి గాలి కూడా సాయం చేయాలని. వెనక చక్రం తేలిపోతోంది, నీలం పొగ, టకటకా గేర్లు దించడం, మోకాలు బయటికి పెట్టి వంగడం. ఆ తొలి రౌండులో ఎంతమంది ఒకేసారి ఆ ఇరుకు మలుపులోకి దూరారో, ఎవరూ ఎవరికీ ఎలా తగలకుండా బయటపడ్డారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ధైర్యం ఒక్కటే అయితే అలా జరగదు. పక్కవాడు ఏం చేస్తాడో తెలిసుండాలి, వాడి మీద నమ్మకం ఉండాలి.

సాయంత్రం రేస్‌లో మన కుర్రాడు గెలవలేదు. నడిమధ్యలో ఎక్కడో వచ్చాడు. బండి మాత్రం చివరి దాకా ఒకే గొంతుతో పాడింది. ప్రతి రౌండుకీ మామ తల పక్కకి వంచి వినడం, తల ఊపడం. గళ్ళ జెండా దాటగానే మామా, పుదుపేట ఆయనా ఒకరినొకరు గట్టిగా వాటేసుకున్నారు. చేతుల నిండా గ్రీజు, ఇద్దరి చొక్కాల వీపుల మీదా పదేసి వేళ్ళ ముద్రలు. ముసలాయన, మనవడు కూడా మాతోపాటే ఎగిరారు. మొదటి స్థానంలో ఎవరొచ్చారో మాలో ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే షోలవరంలో రేసులు ఆగిపోయాయి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ క్లబ్ సొంత ట్రాక్ కట్టింది, 1990లో మొదలైంది. అక్కడికీ చాలాసార్లు వెళ్ళాను. బండి జారితే ఆగడానికి కావలసినంత ఖాళీ నేల, సరైన కంచెలు, చేతికందే దూరంలో డాక్టర్లు. పాత రన్‌వే మీద మనుషులు ఎంత ప్రమాదంలో నడిపారో అది చూశాకే అర్థమైంది. దగ్గరితనం పోయిందని బాధపడేవాళ్ళతో నేను ఏకీభవించను. కుర్రాళ్ళ ప్రాణం కంటే ప్రేక్షకుడి సరదా ఎక్కువ కాదు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరులో ఆయన పేరు మీద ఇప్పుడు కరి మోటార్ స్పీడ్‌వే ఉంది.

2023 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ మోటార్ సైకిల్ రేస్ మోటోజీపీ జరిగినప్పుడు మామ, నేను, మా అబ్బాయి కలిసి టీవీలో చూశాం. ఎండ తట్టుకోలేమని రేస్‌లో కొన్ని రౌండ్లు తగ్గించారు. బెజ్జెక్కి గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన మార్టిన్ నిలబడలేనంతగా సొమ్మసిల్లాడు. అన్ని కోణాల నుంచీ చూపించారు, ఎవరు ఎవరికంటే ఎన్ని సెకన్లు వెనకున్నారో అంకెలతో సహా. మామ కాసేపు చూసి, కామెంటరీ సౌండ్ తీసేసి బళ్ళ శబ్దం ఒక్కటే వచ్చేలా పెట్టొచ్చా అని మా అబ్బాయిని అడిగాడు. వాడు రిమోట్‌తో చాలాసేపు ప్రయత్నించాడు, కుదరలేదు.

ఈసారి ఇరుంగాట్టుకోట్టైలో నేషనల్స్, అంటే జాతీయ స్థాయి రేసులు, జరిగేటప్పుడు ఆయన్ని తీసుకెళ్దామనుకుంటున్నాను. మోకాళ్ళు నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేడు, మలుపు దగ్గర కుర్చీ వేయనిస్తారేమో కనుక్కోవాలి. అప్పట్లో మా దగ్గర కెమెరా లేదు. 1980లలో షోలవరం రేసులు చూసినవాళ్ళ ఇళ్ళల్లో పాత ఆల్బమ్‌లు ఉంటే, మలుపు దగ్గర తాడు వెనక నిలబడ్డ జనం ఫోటోలు ఏమైనా ఉంటే, దయచేసి ఒక్కసారి తిరగేసి చూడండి. నల్లటి ప్యాంటు, ఖాకీ చొక్కా వేసుకుని తల పక్కకి వంచి నిలబడ్డ మనిషి కనపడితే నాకు ఒక కాపీ పంపండి.